బ్రేకుకి నూనె పెట్టనివ్వకు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

గునుపూర్‌లో మీ ఎనిమిదో తరగతి పిల్లలకి ఘర్షణ పాఠం గ్రౌండులో చెబుతావట, సైకిళ్ళు కూడా తెమ్మన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో సైన్సు టీచరైన మొదటిదానివి నువ్వే. మీ పెద్దమ్మ అప్పుడే నాలుగిళ్ళకి చెప్పొచ్చింది. నాకు మాత్రం మీ బడి వెనకాల వాలు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. రైలింజను నడిపినవాడికి పల్లం అంటే రిటైరయ్యాక కూడా భయమే.

ఇటుకతో మొదలుపెట్టు. తాడు కట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగితే, కదిలేముందు ముల్లు ఎక్కువ చూపిస్తుంది, కదిలాక కాస్త దిగుతుంది. రథం తాడు పట్టిన పిల్లలకి ఇది చేతులకి తెలిసిన సంగతే. పూరీ జగన్నాథుడి రథం నందిఘోషకి 16 చక్రాలున్నా, ఆగినదాన్ని కదిలించడానికే అసలు బలం కావాలి. తర్వాత ఇటుకని పక్కకి తిప్పి లాగించు. నేలకి తగిలేది తగ్గింది కాబట్టి ఘర్షణా తగ్గుతుందని అందరూ అంటారు. ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. పైన ఇంకో ఇటుక పెడితే మాత్రం రెట్టింపు దాకా పోతుంది. జవాబు నువ్వు ముందే చెప్పెయ్యకు, నీకు ఆ తొందర చిన్నప్పట్నుంచీ ఉంది.

పుస్తకం కింద పెన్సిళ్ళు పెట్టి దొర్లించడం అందరికీ తెలిసిందే, చూపించి వదిలెయ్.

నూనె దగ్గర మాత్రం ఆగు. మీ నాన్న మోచేతి మీద మచ్చ చూశావుగా? జామచెట్టు మీంచి పడ్డానని చెప్పుంటాడు. అబద్ధం. మా ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. చెయిన్ గరగరలాడుతోందని మిషను నూనె వేశాడు, సద్దు పోయింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా! బ్రేకు కూడా కీచుమంటోందని రబ్బరు కట్టలకీ, రిమ్ముకీ అదే నూనె రాశాడు. నిజంగానే కీచు పోయింది. సంబరపడుతూ సంత దారి పల్లంలో దిగాడు. బ్రేకు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా చక్రం ఆగలేదు. కాళ్ళు నేలకి రాస్తే చెప్పు తెగింది. చివరికి తుప్పల్లో పడ్డాడు. నేను వెళ్ళేసరికి మోచెయ్యి చూసుకోవడం మానేసి, ‘నూనె బాగానే వేశానురా అన్నయ్యా’ అని ఏడుస్తున్నాడు. కొట్టబుద్ధి కాలేదు.

రబ్బరు రిమ్ముని పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకోవడం వల్ల వచ్చే చప్పుడే ఆ కీచు. ఆ పట్టునే వాడు తీసేశాడు. ఘర్షణ నష్టం, తగ్గించాలి అని బళ్ళో చెబితే తెలివైన పిల్లలే ఈ పని చేస్తారు, మొద్దులకి ఆ ఆలోచనే రాదు. అందుకే సైకిలు పడుకోబెట్టి ఎక్కడ ఘర్షణ కావాలో, ఎక్కడ వద్దో వాళ్ళచేతే చెప్పించు. చెయిన్‌లో, ఇరుసు బాల్ బేరింగుల్లో వద్దు. టైరుకీ, బ్రేకుకీ, పెడలుకీ, చేతిపట్టుకీ కావాలి. ఎవరిదైనా నూనె అంటిన బ్రేకు కనిపిస్తే రిమ్ము సబ్బునీళ్ళతో కడిగించు, రబ్బరుని గరుకు కాగితంతో రుద్దించు. అయినా జారితే కట్టలు మార్చాల్సిందే.

రైలు సంగతి అడుగుతారు, నాకు తెలుసు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం కాబట్టి తక్కువ బలంతో అంత బరువు దొర్లుతుంది. అదే వానలో కొరాపుట్ వైపు కొండ ఎక్కేటప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అప్పుడు ఇంజనులోని పెట్టెలోంచి చక్రం ముందుకి ఇసక వదులుతాం. ఆ ఇసక తడిస్తే గొట్టంలో ముద్దకట్టి దిగదు, అందుకే ఎండబెట్టింది వేస్తారు. దిగేటప్పుడైతే బ్రేకు దిమ్మలు వేడెక్కి కాలిన వాసన కొడతాయి. పిల్లల్ని అరచేతులు రుద్దుకోమంటే వేడి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

సైకిళ్ళని మాత్రం చదును నేల మీదే తొక్కించు. వాన పడితే అవి తియ్యనే తియ్యకు, ఇటుకలతో తరగతిలోనే కానిచ్చెయ్. స్ప్రింగ్ త్రాసు మీ బళ్ళో లేకపోతే చెప్పు, నా దగ్గరున్నది మీ నాన్న చేత పంపిస్తాను. మచ్చ సంగతి నేను చెప్పానని వాడితో అనకు.

మీ పెదనాన్న
రాయగడ