గర్భిణులు కరెంటు దుప్పటి వాడవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు. మూడో నెల నడుస్తోంది. చలికి తట్టుకోలేక నెల రోజులుగా రాత్రంతా కరెంటు దుప్పటి వేసుకుని పడుకుంటున్నాను. వేడి చేసి గర్భం నిలవదని మా అత్తగారు భయపడుతున్నారు. బిడ్డకు ప్రమాదమా?

జవాబు: ముందుగా బెంగ పెట్టుకోకండి. ఈ దుప్పట్ల విద్యుత్ ప్రభావం వల్ల గర్భం పోతుందని, అవయవ లోపాలు వస్తాయని పరిశోధనల్లో స్థిరంగా రుజువు కాలేదు. అయితే వేడి విషయంలో మీ అత్తగారి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. తల్లి శరీరం లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కొంతసేపు అలాగే నిలిచిపోతే, తొలి వారాల్లో శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం సరిగా మూసుకోకపోయే అవకాశం పెరుగుతుంది. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే దాదాపు ఆరో వారానికే ఆ నాళం మూసుకుంటుంది. అంత వేడి సాధారణంగా జ్వరంతో వస్తుంది కానీ దుప్పటితో రాదు. చర్మం వేడెక్కగానే చెమట పట్టి శరీరం తనను తాను చల్లబరచుకుంటుంది.

అయినా రాత్రంతా వాడకండి. పడుకోవడానికి అరగంట ముందు పక్క మీద పరచి వేడి చేసి, స్విచ్ ఆపి, ప్లగ్ కూడా తీసేసిన తర్వాతే పడుకోండి. ఆపైన మామూలు రగ్గు, కాళ్లకు మేజోళ్లు చాలు. తెల్లవారుజామున మెడ కింద తలగడ తడిసి, నోరు ఎండుకుపోయి మెలకువ వస్తోందంటే వేడి ఎక్కువైందని అర్థం. దుప్పటిని చేత్తో తడిమి చూడండి. లోపలి తీగ ఎక్కడైనా ముడిపడి గట్టిగా తగిలినా, ఒకచోట మాత్రమే కాలుతున్నా పక్కన పడేయండి. మధుమేహంతో కాళ్లకు స్పర్శ తగ్గినవారు దీన్ని అసలు వాడరాదు, ఎందుకంటే కాలినా తెలియదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కరెంటు దుప్పటి వద్దన్నారని తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టుకోకండి. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది తల్లి రక్తం నుంచి బిడ్డకు చేరి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. నన్నడిగితే దుప్పటి కంటే ఇదే ఎన్నో రెట్లు ప్రమాదకరం.

జ్వరం 100 దాటితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. పారాసిటమాల్ అయినా వారు చెప్పిన మోతాదులోనే వేసుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకండి. 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో బిడ్డ వెన్నెముక, మెదడు ఎలా ఉన్నాయో వివరంగా చూస్తారు. ఈలోగా రక్తస్రావం గానీ, తగ్గని కడుపునొప్పి గానీ కనిపిస్తే, అది రాత్రి వేళైనా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.