తొమ్మిదో తరగతి నుంచే పశువైద్యానికి ఎలా సిద్ధం కావాలి? – సమాధానం

నమస్తే అండీ. మీ అమ్మాయి తొమ్మిదిలోనే పశువుల డాక్టర్ అవుతానంటోందని, ఇప్పుడే ఏం చేయాలని అడిగారు కదా. ముందు ఒక మాట: పదో తరగతి అయ్యాక పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంటుంది. దాంతో డాక్టర్ అవరు, ఆ రెండూ కలిపేసుకోకండి. డాక్టర్ కావాలంటే ఇంటర్‌లో బైపీసీ, ఆ తర్వాత బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు.

దేశవ్యాప్త కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. రాష్ట్ర సీట్లకు మాత్రం ఆ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం, పక్కింటివాళ్ల మాట కాదు. కాలేజీలు ఏపీలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. అర్హత మార్కుల్లో ఇంగ్లీషు కూడా లెక్కలోకి వస్తుంది, బైపీసీ పిల్లలు దాన్ని తేలిగ్గా వదిలేస్తారు.

నా అనుభవంలో అసలు పరీక్ష వేరే ఉంది. సెలవుల్లో మా తమ్ముణ్ణి ఊళ్లో పశువుల ఆసుపత్రికి పంపాం. మొదటి రోజే ఈనలేక అవస్థ పడుతున్న గేదె. డాక్టరుగారు భుజం దాకా చెయ్యి లోపల పెట్టి దూడ కాళ్లు సరిచేస్తుంటే వీడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. రెండో రోజు మళ్లీ వెళ్లాడు, అప్పుడు మాకు నమ్మకం కుదిరింది. మీ పాపని కూడా డాక్టరుగారిని అడిగి ఓ వారం పంపి చూడండి. కుక్కపిల్లల మీద ముద్దు ఒక్కటే అయితే అక్కడే తెలిసిపోతుంది.