లారీ సంగతులు: మైలేజీ పడిపోతే ముందు ఎవరిని అడగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా డీజిల్ గురించే. కొందరు ఏ మోడలో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయకుండా ‘బండి లాగడం లేదు, ఏం చేయాలి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నారు. ఆర్టీసీ గరాజ్‌లో ఫోర్‌మన్‌గా రిటైరై, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల బళ్లు చూసిపెడుతున్నవాణ్ని. జాతకం చెప్పడం రాదు. మోడలూ, కిలోమీటర్లూ, పోయిన సర్వీసు ఎప్పుడు చేయించారో, మామూలుగా ఎంత లోడు ఎక్కిస్తారో రాయండి, చెప్పగలిగింది చెబుతాను.

ప్రశ్న: మాకు రెండు పది టైర్ల లారీలున్నాయి, రెండూ ఒకే మోడల్. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం వేసుకెళ్తాయి. లెక్కలు నేనే చూస్తాను. ఒకటి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తోంది. రెండోది ఈమధ్య మూడున్నర కూడా రావడం లేదు. డ్రైవర్ డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని మావారి అనుమానం. అబ్బాయి చాన్నాళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. అడగాలంటే నోరు రావడం లేదు.
(ఒక పాఠకురాలు, మిర్యాలగూడ)

జవాబు: అడగకండమ్మా, ఇప్పుడే వద్దు. ముందు అడగాల్సింది బండిని.

ఆర్టీసీలో దీన్ని కేఎంపీఎల్ అంటాం, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. డ్రైవర్‌వారీగా ఒక లెక్క, బస్సువారీగా ఒక లెక్క పెట్టుకుంటాం. డ్రైవర్ లెక్క ఒక్కటే చూస్తే మనిషి మీద పడతాం. పక్కన బస్సు లెక్క కూడా పెడితేనే తప్పు ఎక్కడుందో బయటపడుతుంది. మీకు ఒకే మోడల్ బళ్లు రెండున్నాయి కాబట్టి ఈ పని ఇంకా తేలిక. కొన్ని ట్రిప్పులు డ్రైవర్లను అటూ ఇటూ మార్చండి. ‘ఇద్దరికీ రెండు బళ్లూ అలవాటవ్వాలి’ అని చెప్పండి, ఎవరి మనసూ నొచ్చుకోదు. కొత్త డ్రైవర్ ఎక్కినా ఆ బండి మూడున్నరే ఇస్తే జబ్బు బండిది. పాత డ్రైవర్‌తోపాటే తక్కువ మైలేజీ కూడా ఇవతలి బండికి వచ్చేస్తే, అప్పుడు ఆలోచిద్దాం.

అయితే ఆ మూడున్నర అనే లెక్క ఎలా తీశారో మీరు రాయలేదు. డ్యాష్‌బోర్డు మీద ముల్లు చూసి తీసిన లెక్కను నేను నమ్మను. ఒకే బంకులో, సమంగా ఉన్న చోట బండి ఆపించి, ట్యాంకు మెడ దాకా నింపించండి. మీటరు రీడింగు రాసుకోండి. ట్రిప్పు ముగిశాక మళ్లీ అదే బంకులో, అదే మట్టానికి నింపించండి. ఈసారి పట్టిన లీటర్లే ఖర్చయిన డీజిల్. దారిలో కొట్టించిన బిల్లులుంటే అవీ కలపాలి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. ఒక్క ట్రిప్పుతో తేల్చేయకండి. పుస్తకంలో లోడు ఎన్ని టన్నులో, వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చిందా రిటర్న్ లోడు దొరికిందా, ఏ రూటో ఒక గడి పెట్టి రాయండి. లోడుతో పోయిన బండినీ, ఖాళీగా తిరిగిన బండినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏ డ్రైవరైనా దొంగలాగే కనిపిస్తాడు.

జబ్బు బండిదే అని తేలితే ముందు ఖర్చు లేని పనులు చేయించండి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి చూడాలి. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని ఎవరూ చూడరు. సుత్తితో కొట్టి శబ్దం విని సరే అనుకుంటారు. అది తగ్గితే బయటి టైరు మీద బరువు పడి రెండూ పాడవుతాయి, డీజిల్ వేరే. తర్వాత బ్రేకులు. ఓ ముప్పై కిలోమీటర్లు తోలాక బండి ఆపి, ఒక్కో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడమనండి. దగ్గర పెట్టాలి, ముట్టుకోకూడదు. ఒక్కటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందన్నమాట. ఎక్సలేటర్ తొక్కితే నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ చూడండి. చాలామంది క్లీనర్లు ఫిల్టర్‌ను టైరుకేసి దబదబా కొట్టి దుమ్ము దులుపుతారు. పేపరు మడత చిరిగితే ఆ దుమ్ము ఇంజన్‌లోకే పోతుంది. ఫిల్టర్ డబ్బా మీద ఎర్ర ఇండికేటర్ కనిపిస్తే మార్చేయడమే.

ఇవన్నీ బాగుంటే క్లచ్ జారుతోందా, ఇంజెక్టర్లు సరిగా కొడుతున్నాయా అని మెకానిక్ చూడాలి. మీ పుస్తకంలో మైలేజీ ఏ నెల నుంచి పడిందో కనబడుతుంది కదా, ఆ నెలలో ఏం మార్చారో, ఏం మార్చాల్సి ఉండి మార్చలేదో వెతకండి. డీజిల్ పుస్తకం, సర్వీసు పుస్తకం వేర్వేరుగా పెట్టుకోవడం మన ఓనర్లకు అలవాటు. నేనైతే ఎదురెదురు పేజీల్లో రాయిస్తాను.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో బీఎస్-6 టిప్పర్ తోలుతున్నాను. డెఫ్ (పొగలోని విషవాయువులు తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే ద్రవం) బకెట్లు కొనడం ఎందుకు దండగ, యూరియా బస్తా తెచ్చి నీళ్లలో కలిపి పోద్దాం, రెండూ ఒకటేగా అంటున్నాడు ఓనరు. పోయొచ్చా? ఇంకోటి, ఎగ్జాస్టు లైటు మాటిమాటికీ వెలుగుతోంది.
(ఒక డ్రైవర్, చీమకుర్తి)

జవాబు: పోయొద్దు బాబూ. మీ ఓనరుకు ఇది చదివి వినిపించు.

డెఫ్‌లో యూరియా ఉన్న మాట నిజమే, నూటికి 32.5 వంతులు. మిగతాది ఖనిజాలన్నీ తీసేసిన నీరు. పొలానికి చల్లే యూరియాకు మన దేశంలో 2015 నుంచీ వేపనూనె పూత పూస్తున్నారు. ఆ నూనె, అందులోని మలినాలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిస్టు మీద పేరుకుంటాయి. దానికి తోడు మీ ప్రాంతంలో బోరు నీళ్లు. ఆ ఉప్పు డోసింగ్ నాజిల్‌లో గడ్డకడితే ఏ బకెట్టూ విడదీయలేదు. క్యాటలిస్టు మార్చాలంటే ఎంతవుతుందో ఓనరును షోరూంలో ఒకసారి అడిగి రమ్మను, యూరియా బస్తా మాట మళ్లీ ఎత్తడు. పైగా రైతుకిచ్చే సబ్సిడీ యూరియాను ఇంకో పనికి వాడటం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం.

డెఫ్ పెద్ద ఖర్చేమీ కాదు. వంద లీటర్ల డీజిల్‌కు సుమారు నాలుగు నుంచి ఆరు లీటర్లు పడుతుంది. సీలున్న బకెట్టు కొను, మీద ఐఎస్ఓ 22241 అని ఉందో లేదో చూడు. ఎండలో పెట్టకు. ముప్పై డిగ్రీల లోపు ఏడాది దాకా నిలవ ఉంటుంది, 35 డిగ్రీల్లో ఆర్నెల్లే. మీ క్వారీ రేకుల షెడ్డులో ఎండాకాలం ఎంత వేడి ఉంటుందో నీకే తెలుసు, కాబట్టి నిలవ చేయకుండా నెలకు సరిపడా తెచ్చుకోండి. పోసే గరాటా డెఫ్‌కే విడిగా ఉంచు. డీజిల్ గరాటా అందులో ముంచకు.

నీలం మూత డెఫ్‌ది. ఎప్పుడైనా పొరపాటున డీజిల్ ట్యాంకులో డెఫ్ గానీ, డెఫ్ ట్యాంకులో డీజిల్ గానీ పోస్తే తాళం కూడా తిప్పకు. ఇంజన్ స్టార్టు చేయకముందే ట్యాంకు దింపి కడిగితే కొంత ఖర్చుతో పోతుంది. స్టార్టు చేసి చూద్దాం అన్నావంటే పంపు, ఇంజెక్టర్ల దాకా పోతుంది.

ఇక లైటు సంగతి. సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంది. హైవే మీద బండి ఆగకుండా పోతే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. మీ టిప్పర్ క్వారీ నుంచి యార్డుకు, యార్డు నుంచి క్వారీకి, మధ్యలో లోడింగ్ దగ్గర ఇంజన్ ఆపకుండా గంటలకొద్దీ నిలబడుతుంది. ఇంక ఆ వేడి ఎక్కడొస్తుంది? లైటు వెలిగినప్పుడు మాన్యువల్లో చెప్పినట్టు బండి నిలిపి రీజెనరేషన్ చేయి, అంటే ఆ మసిని కాల్చేయడం. మధ్యలో ఆపేయకు. ఎండుగడ్డి, డీజిల్ చిందిన చోటు లేకుండా చూసుకో, పైపు నుంచి వచ్చే వేడి మామూలుగా ఉండదు. లోడింగ్ లైనులో వెయిటింగ్ ఎక్కువుంటే ఇంజన్ ఆపు. ఇంజన్ ఆయిలు కూడా బీఎస్-6కి చెప్పిన గ్రేడే పోయించాలి, పాత బండిలో మిగిలిన డబ్బా ఖాళీ చేయడానికి ఇందులో పోయొద్దు. ఆ ఆయిల్ కాలి వచ్చే బూడిద రీజెనరేషన్‌లో కూడా పోదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

మీలాంటి బళ్లకు సర్వీసు కిలోమీటర్లతో లెక్కపెడితే కుదరదని కూడా ఓనరుకు చెప్పు. రోజుకు ఎనభై కిలోమీటర్లే తిరిగినా ఇంజన్ పది గంటలు నడుస్తోంది. మాన్యువల్లో గంటల లెక్క విడిగా ఉంటుంది, ఆయిలూ ఫిల్టర్లూ దాని ప్రకారం మార్చాలి.

ప్రశ్న: తెల్లవారుజామున డీజిల్ చల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి అప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, సూర్యాపేట)

జవాబు: బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నిద్ర పాడుచేసుకోకండి. అనుమానం వస్తే బంకులో సీలు వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, పట్టి చూపించమనండి. అడిగే హక్కు మీకుంది. 25 మిల్లీలీటర్ల లోపు తేడా అయితే నిబంధనల ప్రకారం సరే. డెన్సిటీ కూడా చూపించమనొచ్చు, ఆ రోజు బోర్డు మీద రాసిన అంకెతో పోల్చుకోండి. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూసే పరీక్ష మాత్రం పెట్రోలుకే. డీజిల్ ఎంత మంచిదైనా మరక మిగులుతుంది. అది పట్టుకుని బంకువాళ్లతో గొడవపడకండి.

ప్రశ్న: మాది భీమవరం. చేపలు, రొయ్యలు ఐసు వేసి హౌరాకు తోలతాం. లోడు పడితే ఆగడానికి లేదు, తిరిగొచ్చేసరికి ఇంకో లోడు రెడీ. సర్వీసుకు టైము ఎక్కడిది? బండి కొని ఎంతో కాలం కాలేదు, చాసిస్ అప్పుడే తుప్పు పడుతోంది.
(ఒక లారీ ఓనరు, భీమవరం)

జవాబు: మీ బండికి శత్రువు దూరం కాదు, ఐసు కరిగి కారే నీళ్లు. అందులో ఉప్పుంటుంది, చేపల జిగురుంటుంది. వేయి కిలోమీటర్లకు పైగా అవి చాసిస్ మీద, బ్రేకు పైపుల మీద కారుతూనే పోతాయి. ముందు బాడీ కింద నీళ్లు పోయే గొట్టాలు చూడండి. అవి చాసిస్ మీద పడకుండా పక్కకు పోయేలా పొడుగు చేయించాలి. ఇది ఆటోనగర్‌లో వెల్డింగ్ కుర్రాడు భోజనాలకు ముందే ముగించే పని. దీన్ని వదిలేసి ఏటా పెయింటింగ్ చేయిస్తుంటారు!

అన్‌లోడింగ్ కాగానే మంచినీళ్లతో కింద కడిగించండి. గ్రీజింగ్ ఎప్పుడూ కడిగాకే చేయించాలి. మనవాళ్లు గ్రీజు కొట్టించి వెంటనే ప్రెషర్ వాటర్ పెట్టిస్తారు, కొట్టిన గ్రీజు కాస్తా నీళ్లతో పోతుంది. కమాన్ పిన్నులు, కింగ్‌పిన్నులు, జాయింట్ క్రాసుల దగ్గర పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా గన్ను కొట్టాలి. నిప్పిల్ మూసుకుపోయి ఉంటే గ్రీజు బయటే పూసి కొట్టానంటాడు కుర్రాడు. దగ్గరుండి చూడండి.

టైము లేదన్నారు. హౌరాలో అన్‌లోడింగ్‌కు గంటలు పడుతుంది కదా, డ్రైవర్ చేసే పనులు అక్కడే అయిపోవాలి. ఆయిల్ కర్ర చూడటం, కూలెంట్ మట్టం, బెల్టులు, గాలి, నట్లు, లైట్లు. రాత్రి బండి పెట్టేముందు ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదలాలి. పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదలాలి. సముద్రం వారగా తిరిగే బళ్లకు ఇది మరీ అవసరం. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా ఉంచితే ఆ గాలిలోని తేమ చల్లబడి ట్యాంకులోపలే నీరవుతుంది. అందుకని పొద్దున కాకుండా, బండి ఆపే ముందే ట్యాంకు నింపించండి. ఆయిల్ మార్పిడి, ఫిల్టర్లు, హబ్బులు అంటారా, వాటికి తేదీ మీరే పెట్టి, ఆ రోజుకు లోడు ఒప్పుకోకండి. ఖరగ్‌పూర్ దగ్గర బండి ఆగిపోయి, ఐసు కరిగిపోతూ, అవతల పార్టీ ఫోను మీద ఫోను చేస్తుంటే పడే టెన్షన్ కంటే ఒక లోడు వదులుకోవడమే చవక.

ప్రశ్న: ఇంజన్ ఆయిల్ మార్చిన వారానికే నల్లగా అయింది. కల్తీ ఆయిలా?
(ఒక డ్రైవర్, నంద్యాల)

జవాబు: కాదు. డీజిల్ ఇంజన్‌లో మసిని పట్టుకోవడమే ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీలా కనబడితే మాత్రం అందులో నీళ్లు చేరాయని అర్థం. ఇంజన్ ఆపి, బండిని లాగించుకుని వెళ్లండి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. డీజిల్ యానాంలో చవక కదా, ఖాళీ రోజున లారీని అక్కడికి పంపి ట్యాంకుతోపాటు రెండు డ్రమ్ములు కూడా నింపి తెప్పిద్దామనుకుంటున్నాను. లాభమేనా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి యానాంలో చవక, నిజమే. మీ లారీ ఎలాగూ అటు పోతుంటే నింపించండి, తప్పేం లేదు. దానికోసమే పంపాలంటే లెక్క వేయండి. రానూపోనూ అరవై కిలోమీటర్లనుకుందాం. ఖాళీ బండి లీటరుకు ఐదు ఇచ్చినా పన్నెండు లీటర్లు దారికే. మూడు వందల లీటర్లు పట్టే ట్యాంకులో, లీటరుకు పది రూపాయలు తేడా ఉందనుకుంటే మిగిలేది మూడు వేలు. అందులోంచి ఆ పన్నెండు లీటర్ల ఖర్చు, డ్రైవర్ బత్తా, టైర్ల అరుగుదల తీసేయండి. ఆ రోజు కిరాయి దొరికే అవకాశం ఉంటే అదీ తీసేయండి.

డ్రమ్ముల ఆలోచన మానుకోండి. అన్ని లీటర్లు ఇంటి దగ్గర పెట్టుకోవడం ప్రమాదం. పైగా తుప్పు డ్రమ్ములో నిలవున్న డీజిల్‌లో నీళ్లూ, చెత్తా చేరతాయి. పాత బండి అయితే ఎలాగో నెట్టుకొచ్చేది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ వెయ్యి బార్లకు పైన ఒత్తిడితో పోతుంది, వెంట్రుకలో పదోవంతు నలుసు చాలు ఇంజెక్టర్ పోవడానికి. ఒక్క ఇంజెక్టర్ బిల్లు వచ్చిందంటే మీరు యానాంలో మిగిల్చింది మొత్తం దానికే పోతుంది.