పాత సున్నం ఇల్లు: కూల్చకుండానే అద్దె వాటాలు

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మాకు రెండంతస్తుల పాత ఇల్లు ఉంది. డంగు సున్నంతో కట్టిన 18 అంగుళాల గోడలు, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ (సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చిన కప్పు). కింది గోడలు పెచ్చులూడుతున్నాయి. నాలుగు వాటాలు చేసి అద్దెకివ్వాలనుకుంటున్నాం. కూల్చి కట్టడమే మేలని బిల్డరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: దూలాలు గట్టిగా ఉంటే కూల్చకండి. టన్ను ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటు తయారీకి దాదాపు 800 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఉక్కుకైతే టన్నుకు రెండు టన్నుల పైమాటే. నిలబడి ఉన్న గోడలను వాడుకుంటే అందులో చాలా భాగం తప్పుతుంది.

ముందు దూలం కొనలు చూడండి. పుచ్చు మొదలయ్యేది గోడలోకి దిగిన చోటే. స్క్రూడ్రైవరుతో గుచ్చితే మెత్తగా దిగినా, సుత్తితో తడితే డొల్లగా మోగినా అనుమానించాలి. కొన ఒక్కటే పాడైతే దూలమంతా మార్చక్కర్లేదు. కింద జాకీలు నిలిపి, పుచ్చు కోసేసి, రెండు పక్కలా ఉక్కు చానళ్లు బోల్టులతో బిగిస్తారు. ఎంత సైజు చానలు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టాలి.

పెచ్చులూడే చోట ఎవరో సిమెంటు పూసి ఉంటారు, చూడండి. నేల చెమ్మ సున్నం గోడలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు అడ్డుపడితే ఆ చెమ్మ పైకి ఎగబాకి, ఉప్పు పూసి, పూతను నెట్టేస్తుంది. చెమ్మ గీతకు రెండడుగుల పైదాకా సిమెంటు చెక్కించి, గోడను ఒక వేసవి ఆరనివ్వండి. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఉప్పులేని ఇసుక. కోటు అర అంగుళం మించకూడదు. తడి గోనె కప్పి నిదానంగా ఆరనివ్వాలి, తొందరపడితే బీటలిస్తుంది. పైన వెల్ల చాలు. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే కథ మళ్లీ మొదటికే.

ఇలాంటి ఇళ్లను చంపేది పై అంతస్తులో పెట్టే బాత్రూము. నీళ్లు దిగి దూలాలు పుచ్చిపోతాయి కాబట్టి మద్రాస్ టెర్రస్ మీద అసలు పెట్టకండి. ఇంటి వెనక వేరే పునాది మీద పిల్లర్లు లేపి, బాత్రూములు, వంటింటి సింకులు ఒకదానిపై ఒకటి వచ్చేలా కట్టించండి. పాత గోడకూ దానికీ అంగుళం సందు వదిలి, సాగే సీలెంటు నింపాలి. నీళ్ల ట్యాంకు కూడా దాని మీదే. కొత్త కాంక్రీటు ఇక్కడొక్కచోటే. దానికీ ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు వాడితే కార్బన్ ఇంకా తగ్గుతుంది.

పైన వాటాల మధ్య ఇటుక గోడ వద్దు. నాలుగున్నర అంగుళాల గోడ పదడుగుల ఎత్తు లేపితే అడుగు పొడవుకే 200 కిలోల పైన బరువు. ఉక్కు ఫ్రేముకు సిమెంటు బోర్డులు బిగించి, మధ్యలో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి పీచు) నింపితే మాటలు పక్క వాటాకు అంతగా వినపడవు. వైర్ల పైపులు గోడ మీదనే నడపండి, అడ్డంగా గాడి కొట్టనివ్వకండి.

ప్రశ్న: పై వాటాలో వేడి తగ్గాలంటే ఫాల్స్ సీలింగ్ వేయించమంటారా?

జవాబు: వద్దు. దూలాల్లో చెమ్మ, చెదలు కనపడకుండా పోతాయి. మేడ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించి, పైనున్న వెంటిలేటర్లు తెరిపించండి. ఫ్యాను రాడ్డు పొడిగించి, రెక్కలు నేలకు ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో ఉండేలా చూడండి. కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను అయితే 75 వాట్ల బదులు 30 వాట్లతో సరిపోతుంది.