సప్లిమెంట్ వదిలేసే గుర్రానికి ముందు పళ్లు, పొట్ట చూపించండి

"మా గుర్రం దాణా తింటుంది కానీ అందులో కలిపిన సప్లిమెంట్ పొడి మాత్రం తొట్టి అడుగున వదిలేస్తుంది. మొలాసిస్ (చెరకు మడ్డి) పోసినా లాభం లేదు. ఈ మధ్య దాణా కూడా సగమే తింటోంది. ఎలా తినిపించాలి?" అని అడిగారు. మీకు ఇప్పటికే వచ్చిన జవాబులన్నీ పొడిని ఎలా దాచిపెట్టాలో చెప్తున్నాయి. నాకు మాత్రం మీ ప్రశ్నలో చివరి వాక్యం మీదే దృష్టి పడింది. దాణా కూడా సగమే తింటోందంటే సంగతి పొడితో ఆగేది కాదు. దాని కళ్లుగప్పే ఉపాయాలు తర్వాత చూద్దాం. అసలు ఎందుకు వద్దంటోందో ముందు తేల్చుకోండి.

గుర్రాన్ని మోసం చేయడం ఎలాగూ కష్టమే. దాని పైపెదవి వేలిలా పనిచేస్తుంది. గింజల మధ్య ఉన్న పొడిని పక్కకు నెట్టి, కావలసినవి మాత్రం ఏరుకుని తింటుంది. వాసన పట్టడంలో దాన్ని మనం అందుకోలేం. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఒకసారి మింగింది లోపలికి పోవాల్సిందే. అలాంటి జంతువు కొత్త వాసనను అనుమానించడం సహజం. దాన్ని పొగరని, పేచీ అని అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

నేను చూసుకున్న ఒక ఆడగుర్రం వేరే లాయం నుంచి వచ్చింది. వస్తూ వస్తూనే "తిండి దగ్గర మహా పేచీ" అన్న పేరు కూడా మోసుకొచ్చింది. దానితోపాటు డబ్బాల వరుస ఒకటి దిగింది. గిట్టలకు ఒక పొడి, కీళ్లకు ఒకటి, మెరుపుకు ఒకటి, స్థిమితంగా ఉండటానికి మెగ్నీషియం. అన్నీ ఒకే పూట, ఒకే తొట్టిలో కలిపి పెట్టేవారట. మెగ్నీషియం ఆక్సైడ్ చేదుగా ఉంటుంది. రాగి, జింకు లవణాలు నాలుకకు లోహపు రుచి తగిలిస్తాయి. ఇవన్నీ కలిసిన దాణాను ఏ గుర్రం ఇష్టంగా తింటుంది?

ఒక సాయంత్రం తొట్టి పెట్టి, వెళ్లిపోకుండా పక్కనే నిలబడి చూశాను. చెవులు ముందుకు పెట్టి ఆశగానే వచ్చింది. మూతి పెట్టి రెండు ముద్దలు నమిలి ఆగిపోయింది. వెనక్కి జరిగి తన డొక్క వైపు ఓసారి చూసుకుంది. ఎండుగడ్డి దగ్గరికి పోయి కాస్త తిని, మళ్లీ తొట్టి దగ్గరికి వచ్చింది. మళ్లీ రెండు ముద్దలు, మళ్లీ వెనక్కి. ఈసారి ముందుకాలితో నేల గీకింది. చాలాసేపు ఇదే వరస. తినాలని ఉండి కూడా తినలేకపోతోందని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది. నచ్చని దాని దగ్గరికి ఏ జంతువూ అన్నిసార్లు తిరిగి రాదు. మరుసటి పూట తొట్టి బాగా కడిగి, ఏ పొడీ కలపకుండా ఉత్త దాణా పెట్టాను. అదీ సగంలోనే వదిలేసింది. ఎండుగడ్డి మాత్రం మామూలుగా తింది.

మీరు కూడా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. శుభ్రమైన తొట్టిలో పొడి లేని దాణా పెట్టండి. మొత్తం తినేస్తే గొడవ పొడితోనే. దాణా వదిలి గడ్డి మాత్రమే తింటుంటే పొట్టలో పుండ్లు ఉన్నాయేమో అని గట్టిగా అనుమానించాలి. గడ్డి కూడా నమలలేక, తడి ఉండలుగా చేసి నోట్లోంచి జారవిడుస్తుంటే పళ్లు చూపించాలి. గుర్రం పైదవడ కిందదవడ కన్నా వెడల్పు. అందువల్ల దవడ పళ్లు పైవి బుగ్గ వైపు, కిందివి నాలుక వైపు అరగకుండా మిగిలి కత్తి అంచుల్లా తయారవుతాయి. వాటిని ఆకురాయితో అరగదీయించాలి.

మా గుర్రానికి డాక్టరు ముందు పళ్లు చూశారు. పెద్దగా ఏమీ లేదు. తర్వాత రాత్రంతా మేత ఆపించి, ముక్కులోంచి కెమెరా గొట్టం పొట్టలోకి పంపి చూశారు. పొట్ట పైభాగంలో, ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పొర లేని చోట, పుండ్లు ఎర్రగా కనిపించాయి. గుర్రం పొట్టలో ఆమ్లం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. గడ్డిని చాలాసేపు నములుతుంది కాబట్టి లాలాజలం బాగా ఊరుతుంది. గింజల దాణా త్వరగా నమిలి మింగేస్తుంది, పైగా అది పొట్టలో పులుస్తుంది. అందుకే పుండ్లున్న గుర్రం గడ్డి తిని దాణా వదిలేస్తుంది. ఆమ్లాన్ని తగ్గించే మందు ఒమెప్రజోల్ నెల రోజులకు రాశారు, ఉదయం ఖాళీ కడుపున ఇవ్వమన్నారు. దాణా తగ్గించి గడ్డి పెంచాం. స్వారీకి ముందు కొంచెం లూసర్న్ గడ్డి వేసేవాళ్లం. అందులోని కాల్షియం ఆమ్లాన్ని కొంత అదుపు చేస్తుంది. మందు పూర్తయ్యే లోపే తొట్టి ఖాళీ చేయడం మొదలుపెట్టింది. అంతకాలం దాన్ని పేచీకోరు అన్నవాళ్లెవరూ ఒక్కసారి పక్కన నిలబడి చూడలేదని ఇప్పటికీ కోపం వస్తుంది.

"ఆకలేస్తే అదే తింటుంది, ఒకరోజు మాడ్చండి" అనే సలహా మీకూ వచ్చే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఖాళీ పొట్టలో ఆమ్లం తన పని తాను చేసుకుపోతుంది. పోనీలు, గాడిదల విషయంలో ఇంకా ప్రమాదం. అవి తినడం ఆపేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి ఎక్కువగా చేరి ప్రాణం మీదికి వస్తుంది. గోధుమ తవుడు నిండుగా పోసి పొడిని కప్పేసే పద్ధతి కూడా నాకు ఇష్టం లేదు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ పెడుతూ పోతే గుర్రం ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. మొలాసిస్ సంగతీ అంతే. లామినైటిస్ (గిట్టల లోపలి వాపు) వచ్చిన గుర్రానికి, ఇన్సులిన్ సమస్య ఉన్నదానికి తీపి అసలు పనికిరాదు.

సరే, పళ్లు, పొట్ట బాగానే ఉన్నాయని తేలింది అనుకుందాం. అప్పుడు డబ్బాలన్నీ బయట పెట్టి, ఏది నిజంగా కావాలో డాక్టరుతో కూర్చుని చూడండి. మా గుర్రానికి చివరికి మిగిలినవి మూడే. పచ్చిగడ్డి దొరకదు కాబట్టి విటమిన్ ఇ. గడ్డి ఎండినప్పుడు ఆ విటమిన్ చాలావరకు పోతుంది. రెండోది మామూలు ఉప్పు. 500 కిలోల గుర్రానికి పెద్దగా పని లేని రోజుల్లోనూ 25 గ్రాముల దాకా కావాలి, చెమట పడితే ఇంకా ఎక్కువ. మూడోది గిట్టలకు బయోటిన్ అనే విటమిన్, రోజుకు 20 మిల్లీగ్రాములు. గిట్ట పైనుంచి కింది దాకా కొత్తగా పెరగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. కాబట్టి నెలకే ఫలితం కనపడలేదని ఇంకో పొడి కొనకండి.

డబ్బా మీద డబ్బా పెంచుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. సెలీనియం అనే ఖనిజాన్నే తీసుకోండి, 500 కిలోల గుర్రానికి రోజుకు ఒక మిల్లీగ్రాము చాలు. నాలుగు డబ్బాల్లో నాలుగింటిలోనూ అది ఉంటే ఎవరు కూడి చూస్తున్నారు? 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో, కొలత తప్పి తయారైన సప్లిమెంటును సూది ద్వారా ఎక్కించడంతో 21 పోలో గుర్రాలు చనిపోయాయి. వాటి ఒంట్లో సెలీనియం మోతాదుకు మించి ఉందని పరీక్షల్లో తేలింది. తినిపించడం వేరు, సూది వేయడం వేరు, నిజమే. అయినా లెక్క తప్పితే ఏమవుతుందో అది చెప్తుంది. డబ్బాతో ఇచ్చే చెంచాలను కూడా నమ్మకండి. ఒక్కో పొడి బరువు ఒక్కోలా ఉంటుంది, చెంచాతో కొలవకుండా తూకం వేయండి.

ఇక తినిపించే పద్ధతి. అసలు దాణాలో కొత్త పొడిని ఎప్పుడూ కలపకండి. అది నచ్చకపోతే మొత్తం దాణా మీదే అనుమానం పెంచుకుంటుంది. గుప్పెడు దాణా వేరే గిన్నెలో తీసుకుని, గింజలకు పొడి అంటుకునేలా నీళ్లతో బాగా తడిపి, చిటికెడు పొడి వేసి, అసలు దాణాకు ముందు పెట్టండి. అది పూర్తిగా నాకేసిన తర్వాతే మరో చిటికెడు పెంచండి. తొందరపడకండి, పూర్తి మోతాదుకు వారాలు పట్టినా పర్వాలేదు. రెండు కొత్త పొడులు ఒకేసారి మొదలుపెట్టకండి. తడి దాణా త్వరగా పులుస్తుంది కాబట్టి గిన్నె ప్రతి పూటా కడగండి. నూనె కలిపిన పొడులు మూత తీసి ఉంచితే ముక్కిపోయిన వాసన వస్తుంది, అది మనకంటే ముందు గుర్రానికి తెలుస్తుంది.

రుచి కోసం ఏదైనా వేయాలంటే మెంతిపొడి వేయండి. 2005లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో గుర్రాలకు రకరకాల రుచుల దాణా పెట్టి చూశారు. అన్నిటికంటే ముందు మెంతులు నిలిచాయి, తర్వాత అరటి, చెర్రీ. అందరూ గుర్రాలకు ప్రాణం అనుకునే క్యారెట్, పిప్పర్‌మెంట్ వాటి వెనకే నిలిచాయి. మామూలుగా కొంత వదిలేసే మినరల్ గుళికలకు మెంతి రుచిగానీ అరటి రుచిగానీ పట్టిస్తే గుర్రాలు త్వరగా తినేశాయి కూడా. మా గుర్రం విషయంలోనూ మెంతులే గెలిచాయి. ఏదైనా మందు వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడిగి వేయండి.

ఎంత చేసినా ముట్టని చేదు మందు ఉంటే దాణా జోలికి పోకుండా సిరంజి వాడండి. ఉడికించి మెత్తగా చేసిన ఆపిల్ గుజ్జులో కలిపి, పెదవి మూలనుంచి నాలుక మీద పెట్టాలి. మధ్యమధ్యలో మందు లేకుండా ఉత్త గుజ్జు పెట్టండి, లేకపోతే సిరంజి చూడగానే తల ఎత్తేస్తుంది.

మీ గుర్రం ఎండుగడ్డి ఎలా తింటోంది, పళ్లు చివరిసారి ఎప్పుడు చూపించారు, ఇప్పుడు ఏయే పొడులు కలుపుతున్నారు అన్నవి రాయండి. డబ్బాల వెనక ఉన్న పాళ్లు కూడా రాస్తే ఏది ఆపవచ్చో చూసి చెప్తాను.