పాత ఎనామిల్ పెయింట్ గీకించేముందు

మీది 1990ల నాటి ఇల్లు, చంటిపాప ఉంది, కిటికీలకు రంగులు మార్చాలంటున్నారు. ఇళ్ల పెయింట్లలో సీసం (లెడ్ అనే విషలోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అందుకే పాత ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఉందనే అనుకోండి.

పెయింట్ గట్టిగా ఉంటే గీకించకండి, దానిమీదే కొత్తది వేయించండి. అసలు టెన్షన్ కిటికీలతోనే: రెక్క చట్రానికి రాసుకునే చోట రాలే సన్నటి పొడి పాప చేతులకు అంటుకుని నోట్లోకి పోతుంది. అక్కడ నీళ్లు చల్లుతూ తడిమీదే గీకాలి. పొడిగా ఎమిరీ పేపర్ పట్టడం, మంటతో కాల్చడం వద్దే వద్దు. కింద ప్లాస్టిక్ షీటు పరిపించండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పని పూర్తయ్యేదాకా పాపను, గర్భిణులుంటే వాళ్లనూ వేరే ఇంట్లో ఉంచండి. పాప ఇప్పటికే పెయింట్ పెచ్చులు నోట్లో పెట్టుకుని ఉంటే, రక్తంలో సీసం పరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి.