మబ్బు చూసి ముంత ఒలకబోసుకోకండి

వేసవి సెలవుల ప్రయాణాల గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మే మూడో వారంలో ఆరుగురం బయల్దేరుతున్నాం. రంభ, గోపాలపురం రెండు రోజులు, కోరాపుట్ వైపు మూడు రోజులు. ఫోన్లో ఎప్పుడు చూసినా రోజూ మబ్బూ పిడుగూ బొమ్మే. మానుకోమంటారా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మానుకోకండి. ఫోన్లో రోజు మొత్తానికి ఒకే బొమ్మ వేస్తారు. సాయంత్రం నాలుగింటికి అరగంట ఉరిమి వెలిసినా అదే బొమ్మ, తెల్లారి నుంచి ముసురు పట్టినా అదే బొమ్మ. గంటల వారీ పట్టీ తెరిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకు వచ్చేది ముసురు కాదు, గాలివాన. ఒడియావాళ్ళు కాళబైశాఖి అంటారు. పొద్దుటి ఎండకు నేల కాగుతుంది, సముద్రం మీది తేమ గాలి కొండలెక్కి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. అందుకే దాని వేళ ఎక్కువగా రెండు నుంచి ఏడు మధ్య. పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా చాలా రోజులు మీ చేతిలోనే ఉంటుంది. పడవ, కొండ, జలపాతం ఆ ఐదు గంటల్లో పెట్టుకోండి. భోజనం, కునుకు, గుడి, బజారు ఆ తర్వాత.

పదో రోజు వాతావరణం ఇప్పుడే చూసి బెంగ పడటం దండగ. అయిదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే రంగులు చూడండి. పసుపు అంటే కనిపెట్టి ఉండమని. మేలో అది తరచూ ఉంటుంది, దానికి ప్రయాణం ఆపక్కర్లేదు. నారింజ ఉన్న రోజు పడవా ఘాట్ రోడ్డూ మానేసి ఊళ్ళోనే ఉండండి. ఎరుపైతే ఉన్నచోటు నుంచి కదలొద్దు. ఇక పొద్దున్న బయల్దేరే ముందు 'మౌసమ్' యాప్‌లో మూడు గంటల సూచన చూడాలి. అన్నిటికంటే నమ్మదగ్గది అదే.

ఒక్క మార్పు చెబుతాం. ఖాళీ రోజు ఒకటి కలుపుకోండి, చివర్లో కాదు, తీరానికీ కొండకూ మధ్యలో. చివర పెట్టుకున్న ఖాళీ రోజు ఇంటికి తిరిగొచ్చేసే రోజు అయిపోతుంది. మధ్యలో ఉంటే రంభ దగ్గరి చిలికా సరస్సులో పోయిన పూటకూ పనికొస్తుంది, కోరాపుట్ వాన ముందే తెలిస్తే ఇంకో రోజు సముద్రం దగ్గర ఆగడానికీ పనికొస్తుంది. అన్నట్టు, రంభకు పక్షుల కోసం వెళ్తుంటే మే సరైన నెల కాదు. వలస పక్షులు చలికాలం చుట్టాలు.

ప్రశ్న: చిలికాలో బోటువాళ్ళు "ఏమీ కాదు, ఎక్కండి" అంటారు. మేమే ఆకాశం చూసి తేల్చుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: చిలికాలో భయపడాల్సింది వానకు కాదు, వానకు ముందొచ్చే గాలికి. మబ్బులో వాన మొదలవగానే దాని కింది గాలి చల్లబడి బరువెక్కుతుంది, దబ్బున నేల మీద పడి నలువైపులా పరుచుకుంటుంది. వాన ఇంకా పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండగానే ఆ గాలి మిమ్మల్ని తాకొచ్చు. సరస్సు లోతు తక్కువ కాబట్టి అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. సముద్రపు అల మీద పడవ తేలుతుంది, ఇక్కడి అల పడవలోకే దూకుతుంది.

మూడు గుర్తులు పెట్టుకోండి. అప్పటిదాకా ఒంటికి అంటుకున్న ఉక్క ఒక్కసారిగా తెగి చల్లగాలి తగలడం. సముద్రం వైపు నుంచి వీస్తున్న గాలి ఆగిపోయి పడమటి నుంచి రావడం. పడమట మబ్బు అడుగున ముదురు రంగు గట్టు అడ్డంగా కనబడటం. ఒడ్డున ఉండగా వీటిలో ఒక్కటి కనిపించినా పడవ ఎక్కొద్దు. నీళ్ళలో ఉంటే దగ్గరున్న ఒడ్డుకే పోనిమ్మనండి, ఎక్కిన రేవుకే చేరాలని పట్టుబట్టకండి.

రాడార్ బొమ్మ చదవడం నేర్చుకుంటే ఇంకా మేలు. గోపాలపురం, విశాఖపట్నం రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ సైట్లో అందరికీ దొరుకుతాయి. అరగంట తేడాతో రెండు చిత్రాలు చూడండి. గట్టి వానను చూపే ఎర్ర మచ్చ ఆ అరగంటలో 15 కిలోమీటర్లు జరిగిందంటే గంటకు 30 చొప్పున వస్తోందన్నమాట. అది 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే మీకు రెండు గంటలు మిగిలింది. గాలి ముందొస్తుంది కాబట్టి ఒకటిన్నరే అనుకోండి. చిలికా దీవిలోని కాళిజాయి గుడికి వెళ్ళి రావడానికి, అక్కడ గడిపే వేళతో కలిపి, మూడు గంటలు పెట్టుకుంటే మీ లెక్క తేలిపోతుంది. లైఫ్ జాకెట్ తొడుక్కుంటే చాలదు, బకిల్ పెట్టుకోవాలి. ఒళ్ళో పెట్టుకుని కూచుంటే అది దిండే.

ప్రశ్న: ఊళ్ళో 41 డిగ్రీలు మండుతుంటే మహేంద్రగిరి మీద వానట. ఇదెలా? ఎన్నింటికి బయల్దేరాలి?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఎత్తు ప్రతి 100 మీటర్లకూ వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు, మీ ఊరు దానికంటే 1,300 మీటర్లకు పైగా దిగువన ఉంది. అంటే ఊళ్ళో 41 ఉంటే పైన 32, 33. మీ దగ్గర కనబడని తేమ అక్కడ చల్లబడి మబ్బవుతుంది. చీకటితోనే బయల్దేరి ఎనిమిదింటికి పైన ఉండండి, పదకొండు దాటకుండా దిగడం మొదలుపెట్టండి. శిఖరం బోసిగా ఉంటుంది. ఉరుములు మొదలయ్యాక రాతి గుడి చాటున నిలబడటం తలదాచుకోవడం కింద లెక్క కాదు. దిగేటప్పుడు మహేంద్రతనయలో కాళ్ళు తడుపుకోవాలనిపిస్తుంది. కొండ మీద మబ్బు ఉంటే ఆ ముచ్చట మానండి, మీ నెత్తిన ఎండ కాస్తుండగానే ఏరు పొంగొచ్చు.

ప్రశ్న: బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో రాగానే ఇంట్లోవాళ్ళు టికెట్లు రద్దు చేసేయమంటారు. ఎంతవరకు ఆగొచ్చు?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అల్పపీడనం దగ్గరే రద్దు చేస్తే ఏ వేసవిలోనూ మీరు ఊరు దాటలేరు. చాలావరకు అవి వాయుగుండం కూడా కాకుండానే పోతాయి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే తుపానంటారు, పేరు అప్పుడే పెడతారు. ప్రతి గురువారం వాతావరణ శాఖ రాబోయే రెండు వారాల్లో తుపాను పుట్టే అవకాశం గురించి చెబుతుంది. టికెట్ కొనేముందు అది చూడండి. తీరానికి తుపాను హెచ్చరికలు కనీసం 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు మరొకటి వస్తాయి. మన తీరం పేరు మొదటిదాంట్లో వచ్చిందా, అప్పుడు నిర్ణయించుకోండి. వ్యవధి మాత్రం ప్రతిసారీ ఒకలా ఉండదు. ఫొని 2019 ఏప్రిల్ 26న వాయుగుండమై మే 3న పూరీ దగ్గర తీరం దాటింది, వారం గడువిచ్చింది. మరుసటేడు అంఫన్ మే 16 నుంచి 20 లోపే పని ముగించింది.

రైలును రైల్వేవాళ్ళే రద్దు చేస్తే మీరు ముందుగా చేయక్కర్లేదు, ఆన్‌లైన్ టికెట్ డబ్బు మొత్తం దానంతటదే వెనక్కొస్తుంది. తొందరపడి ముందు రోజు మీరే రద్దు చేస్తే కోత మీ మీద పడుతుంది. రైలు మూడు గంటలకు పైగా ఆలస్యమైతే, మీ స్టేషన్ నుంచి అది కదిలేలోపు టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయండి.

తీరం దాటిందని ఊపిరి పీల్చుకుని కొండ రైలెక్కడం మాత్రం వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక గజపతి కొండల్లో చరియలు విరిగి జనం పోయారు. వాన ఆగిన తర్వాత రెండు రోజులు గడవనివ్వండి.

ప్రశ్న: బైక్ మీద దేవమాలి వెళ్తున్నాం. రబ్బరు టైర్లుంటాయి కదా, పిడుగుకు భయం లేదంటున్నారు మావాళ్ళు.
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: కారులో ఉన్నవాళ్ళను కాపాడేది టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప డొక్కు. బైక్‌కు అది లేదు. మెరుపు చూసి లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫైలోపు ఉరుము వినబడితే బైక్ వదిలి పక్కా ఇంట్లోకి వెళ్ళండి, చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావొద్దు. చెట్టు కింద, గోడల్లేని రేకుల షెడ్డు కింద నిలబడకండి. 'దామిని' యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పడుతున్న పిడుగులు చూపిస్తుంది, అయితే కొండ మీద సిగ్నల్ దొరక్కపోతే అది మూగదే. ఘాట్ ఎక్కకముందే చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 78. బస్సులో బరంపురం తీసుకెళ్ళాలి.
— ఒక పాఠకురాలు, గునుపురం

జవాబు: తొలి బస్సు పట్టుకోండి, ఎండ పడని వైపు సీటు చూడండి. లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు గీసి కొలిచినవి. ఉప్పు ఎక్కువైతే మేలు కాదు, కీడే. దాహం వేయకపోయినా అరగంటకో అర గ్లాసు తాగించండి. గుండె, మూత్రపిండాల జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరుగారిని అడిగి బయల్దేరండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే నోట్లో నీళ్ళు పోయకండి. నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి, 108కి చెప్పండి.

ప్రశ్న: మొన్న గోపాలపురంలో ఆకాశం అద్దంలా ఉంది. అయినా నీళ్ళలో దిగనివ్వలేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో లేచిన ఉప్పెన లాంటి అల రోజుల తరబడి నడిచి మన ఒడ్డుకు చేరుతుంది. దానికి ఇక్కడి ఆకాశంతో పని లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి హెచ్చరిస్తుంది, వానతో పాటు అదీ చూసి వెళ్ళండి. ఒడ్డుకొచ్చిన నీరంతా ఒక సన్నని పాయగా వెనక్కి లాగే చోట అలలు విరగవు. చూడటానికి అదే శాంతంగా కనబడుతుంది, పిల్లలు అక్కడికే పోతారు. లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరం పొడవునా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఇది ఈత వచ్చినవాళ్ళకు. రానివాళ్ళు మోకాలి లోతు దాటొద్దు.